మూత తీయరాని బీర్ల సమ్మేళనం

మా సంఘం పేరు సాగరతీర గృహ బీరు తయారీదార్ల సంఘం. పేరు పెద్దది, సంఘం చిన్నది. విశాఖలో డాక్టర్ హైమవతిగారి పళ్ల ఆసుపత్రి మేడమీద నెలకో ఆదివారం మధ్యాహ్నం కలుస్తాం. ఇంట్లోవాళ్ల దెప్పుళ్లు పడుతూ కాచుకున్న బీరును ఎవరికి వారు సీసాల్లో తెస్తారు. చిన్న గాజు గ్లాసుల్లో తలా రెండు గుక్కలు పోసుకుని, వెలుతురుకి ఎత్తి చూసి, వాసన పీల్చి, నాలుక మీద కాసేపు ఆడించి, ఆ తర్వాత మొహం చిట్లించి తప్పులు చెబుతాం. నిజమైన తాగుబోతు ఎవరైనా చూస్తే మా మీద జాలిపడతాడు. రెండు గుక్కల బీరుకి రెండు గంటల వాదన.

మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది. ఎవరి బీరునీ "బావుంది" అనకూడదు. అలా అన్నామంటే శ్రద్ధగా తాగలేదని అర్థం, చేసినవాళ్లకి అవమానం. "తడిసిన గోనెసంచి వాసన తగులుతోంది" అంటే గౌరవం. "పులుపు తొందరపడింది, చేదు తీరిగ్గా వచ్చింది" అంటే సన్మానం. హైమవతిగారు ఒకసారి నా బీరు నోట్లో పోసుకుని కళ్లు మూసుకుని, "నానబెట్టిన అట్టపెట్టెలా ఉంది, అయితే మంచి అట్టపెట్టె" అన్నారు. ఆ మాట నేను మా ఆఫీసులో బీరు అంటే గిట్టనివాళ్లకు కూడా చెప్పుకున్నాను.

మాలో తవిటినాయుడుగారని ఒకాయన ఉన్నారు. పాత ఫ్రిజ్‌ల రిపేరు దుకాణం ఆయనది. అందరం బయటి నుంచి తెప్పించుకున్న బార్లీతో బీరు చేస్తుంటే ఆయన ఒక్కరే మన చోళ్లతో, అంటే రాగులతో, చేస్తానని పట్టుబట్టారు. చోళ్లు మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి, మరగబెట్టి, చేదు కోసం హాప్స్ పువ్వు వేసి, పనికిరాని ఫ్రిజ్‌లో పులియబెట్టేవారు. కొన్నేళ్లుగా చేస్తున్నారు, కొన్నేళ్లుగా పారబోస్తున్నారు. మా నెలవారీ సమావేశాలకి వట్టి చేతులతో వచ్చి మా తప్పులు విని వెళ్లేవారు. ఆయన బీరు రుచి చూసిన ఒకే ఒక్క మనిషి ఆయన భార్య. ఆవిడ ఒక్క గుక్క వేసి, "ఇది కుడితి" అని తేల్చేసి, గ్లాసు కడగడానికి వెళ్లిపోయారు.

"ఈసారి కుదిరిందనిపిస్తన్నాది బాబూ," అన్నారాయన ఒకరోజు నాతో. "మా ఇంటిది కుడితంతాది. నాకేమో బీరనిపిస్తాది. తెలిసినోళ్లు నలుగురు తాగి చెప్పాల. కుడితే అన్నారనుకో, ఆ ఫ్రిజ్ పాత ఇనుముకి అమ్మేసి ఊరుకుంతాను. ఇంక నా వల్ల కాదు."

"వచ్చే ఆదివారం పట్టుకురండి," అన్నాను.

అదే చేసి ఉంటే ఈ కథ లేదు. కానీ ఆ నెలే మా సంఘంలో కూర్మారావుగారు చేరారు. ఆయన ఏదో ప్రచార విభాగంలో ఇతరులకి ఉపన్యాసాలు రాసిపెట్టి రిటైరయిన మనిషి. బీరు ఇంకా చేయలేదు, దాని గురించి చదువుతున్నారు. మొదటి సమావేశంలోనే లేచి నిలబడి, "మనం దొంగల్లాగా పళ్లాసుపత్రి మేడమీద ఎందుకు కూచోవాలి? ప్రభుత్వమే గృహ పానీయాలను ప్రోత్సహిస్తుంటే మనం బహిరంగంగా సమ్మేళనం జరుపుకోవాలి, అనుమతి తీసుకుని తలెత్తుకుని తాగాలి," అన్నారు. తలెత్తుకుని తాగడం అనే మాట అందరికీ నచ్చింది. చప్పట్లు కొట్టాం. కార్యదర్శిని కనుక అర్జీ నేనే రాశాను. తవిటినాయుడుగారి బీరు కూడా ఆ సమ్మేళనంలోనే తెరుద్దామని ఆపుకున్నాం.

ఆ రోజుల్లో స్థానిక రుచుల ఉద్యమం జోరుగా సాగుతోంది. ఎక్కడ చూసినా మన తిండి, మన పానకం, మన పచ్చడి అని బ్యానర్లు. ఆ ఊపులో పుట్టిందే గృహ పానీయాల ప్రోత్సాహక, నియంత్రణ మండలి. అందులో రెండు విభాగాలు. ఒక విభాగం మనల్ని ప్రోత్సహిస్తుంది, ప్రోత్సాహపడి ముందుకొచ్చినవాళ్లని రెండో విభాగం నియంత్రిస్తుంది. మా అర్జీ మొదటి విభాగానికి వెళ్లింది. అనుమతి రెండో విభాగం నుంచి వచ్చింది.

"తమరి సమ్మేళనమునకు మండలి సహర్షముగా అనుమతి మంజూరు చేయుచున్నది. సమ్మేళనము ఆసాంతము మండలి అధికారి ప్రత్యక్ష పర్యవేక్షణలో జరుగవలెను," అని ఉంది అందులో. సహర్షముగా అన్న మాట దగ్గరే మేం ఆగిపోయాం. కింద చిన్న అక్షరాల్లో ఉన్న నిబంధనలు చదివే ఓపిక ఎవరికీ లేకపోయింది.

సీతమ్మధారలో ఒక కల్యాణమండపం మాట్లాడుకున్నాం. ఆదివారం పొద్దున్నే బల్లల మీద తెల్లగుడ్డలు పరిచి, ఎవరి సీసాలు వాళ్లు వరసగా పేర్చాం. తవిటినాయుడుగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, క్రేట్ నిండా చోడి బీరుతో ఆటోలో దిగారు. సీసాల మధ్య చప్పుడు కాకుండా పాత పంచె ముక్కలు కుక్కారు.

మండలి తరఫున సంయుక్త ఉప సంచాలకులు పానకాలరావుగారు వచ్చారు. నిండైన విగ్రహం, బంగారు రంగు ఫ్రేము కళ్లజోడు, వెనకాల సీళ్ల పెట్టె మోస్తూ ఒక జవాను. జ్యోతి వెలిగించారు. ఇంటింటా బీరు పొంగిననాడే గ్రామ స్వరాజ్యం సిద్ధిస్తుందన్న ధోరణిలో చాలాసేపు మాట్లాడారు. ఆ ఉపన్యాసం ప్రోత్సాహక విభాగం రాసిచ్చిందని తర్వాత తెలిసింది.

చప్పట్లు ఆగాక హైమవతిగారు మూతలు తీసే ఓపెనర్ అందుకుని, "ఇంక మొదలుపెడదామా?" అన్నారు.

"ఏమిటమ్మా మొదలుపెట్టేది?" అన్నారు పానకాలరావుగారు.

"రుచి చూడడం."

ఆయన ఉపన్యాసం కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, ఇంకో జేబులోంచి నిబంధనలు తీశారు. "అనుమతి సమ్మేళనానికి ఇవ్వబడింది. వినియోగానికి ఇవ్వబడలేదు. ప్రదర్శకుడికి తన ప్రదర్శన వస్తువు పట్ల స్వప్రయోజనం ఉండరాదు. తన బీరు తాను తాగడమంటే అంతకు మించిన స్వప్రయోజనం ఏముంటుంది?"

"అయితే మా బీరు మేం తాగం. నాయుడుగారిది నేను తాగుతాను, నాది ఆయన తాగుతారు."

"అది పంపిణీ. పంపిణీకి లైసెన్సు ఉండాలి. లైసెన్సు దుకాణాలకు ఇవ్వబడుతుంది, గృహాలకు ఇవ్వబడదు."

"మరి ఇంట్లో చేసిన బీరు ఎవరు తాగాలండీ?"

"ఆ అంశం ప్రోత్సాహక విభాగం అధ్యయనంలో ఉంది," అన్నారాయన ప్రశాంతంగా. "నాది నియంత్రణ."

పోనీ వాసన చూడొచ్చా అని నేను అడిగాను. పానకాలరావుగారు ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేదు. పక్కకి వెళ్లి ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడి వచ్చారు. "వాసన అనగా ఆవిరి రూపంలో ఉన్న ద్రవమా, కాదా అన్నది ఇంకా తేలలేదు. తేలేవరకు దాన్ని ద్రవంగానే పరిగణించవలసిందిగా ఆదేశాలు ఉన్నాయి. ద్రవం ఒకరి సీసా నుంచి మరొకరి ముక్కులోకి పోతే పంపిణీయే. కనుక మూతలు తీయరాదు."

జవాను వెళ్లి ప్రతి మూత మీదా లక్క పోసి సీలు వేశాడు.

రంగు చూద్దామంటే సీసాలన్నీ ముదురు గోధుమరంగువి. బీరుకి ఎండ పడదని మేమే ఏరికోరి కొన్నాం. హైమవతిగారికి నవ్వొచ్చింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. మండపం అద్దె కట్టి, తెల్లగుడ్డలు పరిచి, మూతపెట్టిన సీసాలకి దండం పెట్టడానికి వచ్చామా?

పానకాలరావుగారు కఠినాత్ముడేం కాదు. మా నిరాశ చూసి ఆయనే దారి చూపారు. "సమ్మేళనం అన్నాక పోటీ ఉండాలి. ప్రదర్శకులు తమ బీరును నోటితో వర్ణించవచ్చు. నోటితో వర్ణించడంపై ఎలాంటి నిషేధమూ లేదు. వర్ణనకు, ఉచ్చారణకు, నిబంధనల పాటింపుకు మార్కులు వేస్తాను."

అలా మా సమ్మేళనం వక్తృత్వ పోటీ అయింది. ఒక్కొక్కరం మైకు ముందుకు వచ్చి, మూసిన సీసా ఎత్తి చూపి, లోపల ఎలా ఉంటుందో చెప్పాం. సిగ్గు విడిచి చెబుతున్నాను, నా బీరు గురించి నేను మాట్లాడిన నాలుగు మాటల్లో మూడు అబద్ధాలు. నానిన అట్టపెట్టెను పనసతొన చేశాను.

కూర్మారావుగారి వంతు వచ్చింది. ఆయన సీసాకి పట్టుగుడ్డ చుట్టి తెచ్చారు. అందుకున్నారండీ వర్ణన. సముద్రపు గాలి అన్నారు, తొలకరి అన్నారు, పంటచేల మీద పొద్దు వాలడం అన్నారు. సగంలో నాకే నోరూరింది. ముగించాక పానకాలరావుగారు ముచ్చటపడి ఆ సీసా అందుకున్నారు. మరీ తేలిగ్గా ఉంది. గుడ్డ విప్పి ఊపి చూశారు.

"ఇందులో ఏమీ లేదే?"

"ఇంకా చేయలేదండీ," అన్నారు కూర్మారావుగారు వినయంగా. "ఆలోచనలో ఉంది."

మేమంతా గొల్లున నవ్వాం. పానకాలరావుగారు నవ్వలేదు. సీసాను అటూ ఇటూ తిప్పి చూస్తూ పైకే లెక్క వేసుకున్నారు. "స్వప్రయోజనం లేదు. పంపిణీకి అవకాశం లేదు. ఆవిరి లేదు. అక్రమ నిల్వ లేదు. ఇక్కడున్న వాటిలో అన్ని నిబంధనలనూ సంపూర్ణంగా పాటించిన బీరు ఇదొక్కటే."

మొదటి బహుమతి ఆ సీసాకే ఇచ్చారు. కూర్మారావుగారికి శాలువా కప్పి, ఆదర్శ గృహ బీరు అని రాసిన జ్ఞాపిక చేతిలో పెట్టారు. ఆయన ఏమాత్రం మొహమాటపడకుండా పుచ్చుకున్నారు. బీరు చేయాలన్న ఆలోచన ఆయన ఆ క్షణంలోనే మానుకుని ఉంటారని నా నమ్మకం. చేసి చెడగొట్టుకోవడం ఎందుకు?

ఆఖరి స్థానం తవిటినాయుడుగారిది. అంతకుముందు తన వంతు వచ్చినప్పుడు ఆయన మైకు ముందుకు వచ్చి, "చోళ్లతో చేసినానండి. నురగొస్తాది," అని ఆగిపోయారు. ఇంకా చెప్పమన్నారు పానకాలరావుగారు.

"ఇంకేటి చెప్పమంతారు బాబూ? ఎలగుందో నాను చెప్తే ఏటి లాభం? నాకు తెలీకే గదా తెచ్చినాను. ఎవరు తాగి చెప్తారా అని తెచ్చినాను."

పానకాలరావుగారు కళ్లజోడు తీసి తుడుచుకుని, ఉచ్చారణకు మార్కులు తగ్గించారు.

సాయంత్రం సీసాలు సర్దుకుని బయల్దేరబోతుంటే జవాను గుమ్మంలో అడ్డు నిలబడ్డాడు. సీసాలు లోపలికి తేవడానికి రవాణా అనుమతి ఉందట, బయటికి తీసుకెళ్లడానికి లేదట. ఇక్కడే వదిలేసి పోతామంటే అది అక్రమ నిల్వట. తీసుకెళ్లకూడదు, వదలకూడదు. మిగిలింది ఒక్కటే మార్గమని పానకాలరావుగారు ప్రకటించారు: పంచనామా రాసి పారబోయడం.

తవిటినాయుడుగారి మొహం చూడలేక నేను గోడకేసి చూశాను. ఎవరూ ఒక్క గుక్క తాగకుండానే ఆయన బీరు కాలవలో కలవబోతోంది.

పానకాలరావుగారు బల్ల దగ్గర కూచుని కలం తీశారు. ఒక వాక్యం రాసి ఆగారు. "సరుకు పేరు?"

"బీరు," అన్నాం.

"మీరు బీరంటే బీరైపోతుందా? రేపు ఆడిట్ వాళ్లొచ్చి, మండలి అధికారి ప్రజల షర్బత్తును పారబోయించాడంటే నేనేం చెప్పుకోవాలి? సరుకు బీరే అని నిర్ధారణ కావాలి. ప్రయోగశాల ఆదివారం పనిచేయదు." ఆయన నిబంధనల పుస్తకం తిరగేశారు, పేజీ మీద వేలు పెట్టి ఆగారు, మెడ సవరించుకున్నారు. "ప్రయోగశాల అందుబాటులో లేనప్పుడు అధికారి స్వయంగా ఇంద్రియ పరీక్ష జరపవచ్చునని ఉంది."

"అంటే తాగి చూడడమా?" అన్నారు హైమవతిగారు.

"విధి నిర్వహణలో ఉన్న అధికారి తాగడు. ఇది సాక్ష్యాధార సేకరణ."

హైమవతిగారు పళ్ల డాక్టరు. నోరు కాస్త తెరుచుకుంటే చాలు, లోపలికంటా చూడగలరు. ఆవిడ కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూచున్నారు.

"పంచనామా అంటే సాక్షులుగా పంచులు ఉండాలి కదండీ?"

"తప్పనిసరిగా."

"మేం సంతకాలు పెడతాం. కానీ మాకు తెలియని విషయం మీద పెట్టొచ్చా?"

పానకాలరావుగారు నొచ్చుకున్నారు. "ఎంతమాట? సాక్షి తాను సాక్ష్యమిచ్చు విషయమును స్వయముగా ఎరిగి ఉండవలెను."

"అంటే?"

ఆయన ఆవిడ వంకా సీసాల వంకా మార్చి మార్చి చూశారు. తన నిబంధన తననెక్కడికి తీసుకొచ్చిందో అప్పుడర్థమైంది. అయినా వెనక్కి తగ్గే మనిషి కాదు. "ఎరిగి ఉండవలెను," అన్నారు గంభీరంగా. "అయితే ఎవరి సరుకుకు వారు పంచుగా ఉండరాదు. స్వప్రయోజనం."

లక్క సీళ్లు పగిలాయి. పొద్దుటి నుంచీ బోర్లా పడుకున్న గ్లాసులు లేచి నిలబడ్డాయి. మా సమ్మేళనం సూర్యుడు దిగిపోయే వేళకి మొదలైంది.

మొదట నా సీసా. హైమవతిగారు వెలుతురుకి పట్టి, పీల్చి, నాలుక మీద తిప్పి, "అట్టపెట్టె కాస్త ఆరింది," అన్నారు. నేను పొంగిపోయాను. పానకాలరావుగారు ఒక గుక్క తీసుకుని, "నిమ్మతొక్క ఛాయలు ప్రాథమికంగా గోచరిస్తున్నవి," అని రాసుకున్నారు. రెండో సీసాకి ఆయన మా వైపు కుర్చీ జరుపుకున్నారు. ఇంకో రెండు సీసాలయ్యేసరికి, "ఇందులో చేదు తన పరిధిని అతిక్రమించింది, సంజాయిషీ కోరవలసి ఉంటుంది," అంటున్నారు. మా కట్టుబాటు ఎవరూ చెప్పకుండానే పట్టేశారు. బావుంది అన్న మాట ఆయన నోట ఒక్కసారీ రాలేదు. కూర్మారావుగారు శాలువా మడతపెట్టుకుని మరీ పంచుగా కూచున్నారు. తాగడం దగ్గర మాత్రం ఆయన ఆలోచనలతో సరిపెట్టుకోలేదు.

చివరికి తవిటినాయుడుగారి సీసా. స్వప్రయోజనం కనుక ఆయన బల్లకి దూరంగా నిలబడాల్సి వచ్చింది. హైమవతిగారు మూత తీశారు. తెల్లటి నురగ నెమ్మదిగా పైకి వచ్చి గ్లాసు అంచున నిలిచింది. అందరం తాగాం. తవిటినాయుడుగారు ఒకరి తర్వాత ఒకరి మొహం చూసుకుంటూ వస్తున్నారు, పరీక్ష ఫలితాల బోర్డు మీద తన నంబరు వెతుక్కుంటున్నట్టు.

హైమవతిగారు రెండో గుక్క వేశారు. "నాయుడుగారూ, వేయించేటప్పుడు కాస్త ఎక్కువైందా? చివర్న మాడు తగులుతోంది. ముందు పులుపు వచ్చి, సర్దుకునేలోపే మాడు వచ్చేస్తోంది."

"ఎక్కువేనండి," అన్నారాయన. "ఆవేళ మూకుడు దించడం ఆలస్యమైపోనాది. ఎలగ పట్టేసినారు?"

తర్వాత అందరం ఎగబడ్డాం. ఒకరు నురగ త్వరగా విరుగుతోందన్నారు. ఇంకొకరు పొట్టు వాసన అన్నారు. చేదు ఇంకొంచెం ముందే వేసి ఉండాల్సిందని నేనన్నాను. ఇన్నేళ్లూ మా తప్పులు విని వెళ్లిన మనిషి, తన తప్పులు వింటూ కళ్లు ఒత్తుకున్నారు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

పానకాలరావుగారు గ్లాసు ఖాళీ చేశారు. సాక్ష్యం చాలలేదని మరోసారి పోయించుకున్నారు. దాన్ని ఆయన తొందరపడకుండా తాగారు. తర్వాత నిబంధనల పుస్తకం తెరిచి, మొదటి పేజీలో ఏదో చూసి, తవిటినాయుడుగారిని దగ్గరికి పిలిచారు. పొద్దుటి నుంచీ లేని మెత్తదనం వచ్చింది ఆ గొంతులో.

"చూడండి నాయుడుగారూ. మా నిర్వచనం ప్రకారం బీరు బార్లీతో చేయాలి. గోధుమ అయినా పరవాలేదు. చోళ్లు మా పుస్తకంలో లేవు. కాబట్టి నేను దీన్ని బీరు కాదు, చోడి అంబలి అని రాయగలను. అంబలి మా పరిధిలోకి రాదు. మీ క్రేట్ మీరు ఇంటికి పట్టుకుపోవచ్చు."

మాకు ప్రాణం లేచి వచ్చింది. మా సీసాలన్నీ ఎలాగూ కాలవపాలే, ఆయనవైనా దక్కుతాయి. "ఊఁ అనండి నాయుడుగారూ," అన్నాన్నేను. నిజం చెప్పాలంటే ఇంకో గ్లాసు మీద ఆశ కూడా ఉంది.

తవిటినాయుడుగారు క్రేట్ వంక చూశారు. "నురగొచ్చినాది గదా బాబూ?"

"వచ్చింది."

"చేదుందా?"

"ఉంది."

"మరి కైపు?"

పానకాలరావుగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "ప్రాథమికంగా ఉంది."

"మరైతే అంబలని ఎలగ రాస్తారు? బీరని రాయండి."

"అలా రాస్తే పారబోయాలండీ. మొత్తం క్రేట్. నష్టం మీకే."

"పారబోసేద్దుం. మళ్లీ చేసుకుంతాను, చెయ్యడం తెలిసింది గదా. ఇప్పుడు మీరు అంబలని రాసేసి సీలు గుద్దేసినారనుకో, ఎన్ని క్రేట్లు పట్టుకెళ్లి ఏటి లాభం? నాను చేసింది బీరు బాబూ. బీరనే రాయండి."

పానకాలరావుగారు చాలాసేపు కలం పట్టుకుని కూచున్నారు. చోళ్లను బీరు చేస్తే పైనుంచి ఏం సంజాయిషీ అడుగుతారోనని ఆలోచించి ఉంటారు. తర్వాత నిబంధనల పుస్తకం మూసి పక్కన పెట్టి, రాశారు.

మండపం వెనక కాలవ దగ్గర అందరం మా సీసాలు వంచేశాం. తవిటినాయుడుగారు తనవి ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఒక్కో సీసా తనే తెరిచి, నురగ లేచేదాకా ఆగి, చూసుకుని, అప్పుడు వంచారు. క్రేట్ ఖాళీ అయ్యాక చేతులు పంచె ముక్కతో తుడుచుకుని లోపలికి వచ్చి, పానకాలరావుగారి బల్ల ముందు నిలబడ్డారు.

"అందులో ఏటి రాసినారో చదవండి బాబూ."

"చోళ్లతో తయారు చేయబడిన పై సరుకు, పంచుల సమక్షమున పరీక్షింపబడి, నిస్సందేహముగా బీరు అని నిర్ధారింపబడినది," అని పానకాలరావుగారు చదివారు.

"ఇంకోపాలి చదవండి."

పానకాలరావుగారు కళ్లజోడు సరిచేసుకుని, కుర్చీలోంచి లేచి, ఈసారి నిలబడి చదివారు.